కొండత్త సణుగుడు, పేరయ్య దేశాలు

కోతలయ్యాక ఉప్పుటేటి పక్క పొలాల్లోకి రెండు రకాల బాతులు దిగుతాయి. ఒకటి కాపరి తోలుకొచ్చే మంద. కర్ర ఎటు చూపిస్తే అటు పోతుంది, రాలిన వడ్లు ఏరుకుంటుంది. రెండోది మంచుకొండల అవతలి నుంచి ఎగిరొచ్చే పెద్దబాతులు. వాటికి కాపరీ లేడు, కర్రా లేదు. మంద బాతులెవరికీ ఈ తేడా పట్టదు. సింగారికి మాత్రం అదే పట్టుకుంది.

సింగారి మందలో రెండేళ్ళ బాతు. దాని రెక్కలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఎగరడానికైనా చాలవు, కాళ్ళు మాత్రం ఒక్కచోట నిలవవు. మేత మధ్యలో మెడ చాచి దూరంగా చూస్తుండేది. ఆ దూరంలో ఏముందో తెలియకుండానే ఈ మళ్ళలో ముసలిదాన్నయిపోతానేమోనని దానికి ఒకటే దిగులు.

అందుకే రోజూ కొండత్త దగ్గర చేరేది. కొండత్త పెద్దబాతులన్నిట్లోకీ పెద్దది, తిరగని దేశం లేదు. కానీ అడిగితే ఒక్క మంచిమాట చెప్పేది కాదు. మంచుకొండల మీద గాలి ఈకలు పీకేస్తుందట. వాటి అవతలి దేశంలో సరస్సు ఒడ్డున గడ్డి తియ్యగానే ఉంటుంది గానీ, దోమలు కళ్ళల్లో దూరతాయట. ఇంకో దేశంలో తుపాకులట, పోతే తూర్పు ఒడ్డునే దిగాలట. చివరికి ఈ ఉప్పుటేటినీ వదల్లేదు. ఏటి మలుపు దగ్గర ఉప్పు పేరిన తెల్లనేల చూడ్డానికి ఎండిన కళ్ళంలా ఉంటుందనీ, కింద అంతా బురదేననీ, ఇంత వెడల్పు పాదాలున్న తనే మోకాళ్ళదాకా దిగబడ్డాననీ సణిగేది.

సింగారికి విసుగొచ్చింది. అన్ని దేశాలు తిరిగి ఈవిడ మూటగట్టుకొచ్చింది ఇదేనా అనుకుంది.

సరిగ్గా అప్పుడే పేరయ్య తగిలాడు. పేరయ్య గట్టు మీది తుమ్మపొదలో కాపురముండే నక్క. ఆ పొద దాటి అరమైలు పోయిన పాపాన పోలేదు గానీ, పెద్దబాతులు చెప్పుకునే ఊళ్ళ పేర్లన్నీ విని విని నోటికి పట్టేశాడు. సింగారి మందకి ఎడంగా మేస్తున్నప్పుడు పొదలోంచే పలకరించాడు. ఏటి అవతల ఒక దేశం ఉందన్నాడు. అక్కడ మడుగులు ఎండవు, కుక్కలుండవు, వడ్లు గాలికి రాలి కుప్పలు పడతాయి, అడిగేవాడు లేడు. తను ఏటేటా పోయొస్తుంటాడట. దారి కూడా చెప్పాడు. ఏటి మలుపు, తెల్లనేల, అది దాటితే ఆ దేశమే. రేపు మధ్యాహ్నం కాపరి కునుకు తీసే వేళకి రమ్మన్నాడు. ఒక్కదానివే రా అని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజంతా సింగారి మేత ముట్టలేదు. ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఏమైందే అని అడిగిన తోటి బాతుని కసురుకుంది. మర్నాడు పొద్దున, చెప్పాపెట్టకుండా పోతే బాగుండదని కొండత్త దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పింది. కొండత్త ఆ దేశాన్ని పొగడలేదు, తిట్టలేదు.

"అక్కడ వాడికి ఏం బాగోలేదంటమ్మా?" అని అడిగింది.

"అంతా బాగుందన్నాడు అత్తా."

"పోయొచ్చినవాడికి ఎక్కడో ఒకచోట నొప్పి ఉంటుందే. అదెక్కడో అడుగు. ఆ తర్వాత నీ ఇష్టం."

మధ్యాహ్నం కాపరి తాటాకు గొడుగు కింద ఒరిగాడు. సింగారి పొద దగ్గరికి పోయింది. పేరయ్య అప్పటికే బయటికొచ్చి కూర్చున్నాడు. సింగారి కాస్త దూరంలోనే ఆగి, ఆ తెల్లనేల మీద నడక కష్టమా మావా అని అడిగింది.

"కష్టమేంటమ్మాయ్, కళ్ళంలో నడిచినట్టుంటుంది. పోయినేడు నేను పరిగెత్తుకుంటూ దాటాను" అన్నాడు పేరయ్య.

కొండత్త మోకాళ్ళదాకా దిగబడ్డ బురద సింగారికి గుర్తొచ్చింది. వీడు ఎన్నడూ అటు పోలేదు. తనని తీసుకుపోయేది కూడా ఆ పొదలోకే, అంతకు మించి అడుగు ముందుకుండదు. వెనక్కి తిరిగి పరిగెడదామంటే మంద దూరంలో ఉంది, నక్క రెండు గెంతుల్లో అందుకుంటాడు. భయమేసింది. అంతకన్నా కోపమొచ్చింది. ఇన్నాళ్ళుగా గుండెల్లో పెట్టుకున్న ఆశకే వీడు వల పన్నాడు.

"మంద బాతుని మావా. ముందు ఎవరో ఒకరు నడవకపోతే మాకు కాలు పడదు, అలా పెరిగాం" అంది మెల్లగా. "నువ్వు ముందు నడువు. దేశం నచ్చిందంటే సాయంత్రానికి మందనంతా నీ వెనకాల నడిపిస్తాను."

మంద అనేసరికి పేరయ్యకి నోరూరింది. ఒక్క బాతు కోసం తొందరపడితే మందంతా పోతుందని లెక్కలేసుకుని తోక ఎత్తి ముందు నడిచాడు. ఏటి మలుపు వచ్చింది. తెల్లనేల ఎండకి మెరిసిపోతోంది. అది చూసి వాడి కాలు ఒక్క క్షణం ఆగింది.

"ఏటేటా పోయే దారేగా మావా" అంది వెనకనుంచి సింగారి.

ఇక ఆగితే పరువు పోతుంది. ఆరు అడుగులు దర్జాగా వేశాడు. ఏడో అడుగుకి పైపెంకు పగిలింది. పొట్టదాకా దిగబడ్డాడు, గింజుకునేసరికి మెడదాకా దిగాడు. సింగారి గట్టునే నిలబడి గొంతు చించుకుని అరిచింది. కాపరి కుక్కలొచ్చాయి, వెనకాలే మందొచ్చింది. కుక్కలు తెల్లనేల వాసన చూసి, దిగకుండా గట్టు మీదినుంచే మొరిగాయి.

"ఎలా ఉంది మావా ఆ దేశం?" అని అడిగింది సింగారి.

"కంపు" అన్నాడు పేరయ్య, నోట్లో బురద ఉమ్ముతూ. "చలి. కాళ్ళు ఊడిపోతున్నాయి. ఎవర్నీ ఇటు రావద్దని చెప్పు."

"ఇప్పుడు నమ్ముతాను మావా. ఇప్పుడు పోయొచ్చినవాడిలా మాట్లాడావు."

సాయంత్రం పోటు నీళ్ళొచ్చి బురద వదులయ్యాక పేరయ్య ఈడ్చుకుంటూ ఎటో పోయాడు, తుమ్మపొద వైపు మళ్ళీ రాలేదు. సింగారి కాళ్ళు మాత్రం ఇప్పటికీ ఒకచోట నిలవవు. ఆ సాయంత్రమే కొండత్త పక్కన చేరి, ఆ దోమల సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పమంది.

ఊరు బాగుందని చెప్పేవాడిని, అక్కడ ఏం బాగోలేదో ముందు అడగాలి.