మెహరున్నీసా పెట్టిన సున్నా

నమ్మలేనివాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. కథ అయ్యేదాకా ఆ చెయ్యి దించకుండా ఒక్కడు మిగిలినా సరే, ఊరంతా చూస్తుండగా ఈ మీసం సగం గొరిగించుకుంటాను. ఇంతవరకు మంగలికి ఆ పని పడలేదు. ఎత్తిన చేతులన్నీ మధ్యలో ఎక్కడో ఒకచోట కళ్ళు తుడుచుకోవడానికి కిందికి దిగినవే.

చింతా ఆరోగ్యం మాస్టారంటే అల్లాటప్పా మనిషి కాదు. వైమానిక దళంలో సైనికులకు పారాచూట్‌తో దూకడం నేర్పి, పింఛను పుచ్చుకుని వచ్చి, చీరాల దాటాక సముద్రపు ఇసుక పర్రల్లో ఒక చిన్న మైదానం పెట్టారు. దూకుదామని సరదాపడి వచ్చినవాళ్ళను ఆడా మగా చూడకుండా విమానం ఎక్కించేవారు. ఆయన దూకుతున్నారని తెలిస్తే గద్దలు పక్కకు ఒదిగి దారిచ్చేవి. ఒకసారి పెనుగాలిలో దూకి, ఎవరిదో పెళ్ళిభోజనాల్లో విస్తరికీ విస్తరికీ మధ్య సందులో దిగి, ఒక్కరి నెయ్యి కూడా ఒలకకుండా లేచి వెళ్ళిపోయారు. అలాంటి మనిషికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. భయం ఎప్పుడు పోతుందని అడిగిన కుర్రాడి చేతికి చీపురిచ్చి రన్‌వే ఊడవమన్నారు. వాడు ఊడుస్తూ ఊడుస్తూ సముద్రం దాకా వెళ్ళి అలల్ని కూడా ఊడవబోతుంటే జాలర్లు పట్టుకొచ్చారు. ఆ తర్వాత వాడికి భయం ఉందో పోయిందో ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఆ మాస్టారికి కోనంకి సుభాషిణి అనే శిష్యురాలు ఉండేది. వేటపాలెంలో జాకెట్లు కుట్టే దుకాణం ఆమెది. చిరిగిన పారాచూట్‌కు కుట్టు వేయడానికి వచ్చి, "నువ్వు కుట్టింది నువ్వే తగిలించుకుని దూకు, చూద్దాం" అని మాస్టారు అన్న పాపానికి దూకి, ఇక ఆ మైదానాన్ని వదల్లేకపోయింది. ఆమెకు అక్కడ దొరికిన స్నేహితురాలు మెహరున్నీసా. బడిపిల్లల వ్యాను నడిపేది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని దూకేవాళ్ళు. వాళ్ళ నవ్వు పారాచూట్ల కంటే ముందు కిందికి దిగేదని ఆ పర్రల్లో మేకలు కాసేవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఏటా వానాకాలం వచ్చి దూకడాలు ఆగిపోగానే, కుట్టుమిషను మీద దేశపటం పరుచుకుని ఇద్దరూ ప్రయాణానికి దారి వేసేవాళ్ళు. మెహర్ వ్యానులో ఊరూరూ తిరుగుతూ, ఒకే ఒక్క చిన్న విమానం, ఒకే ఒక్క టీ కెటిలు ఉండే మైదానాల్లో దూకుతూ పోవాలని వాళ్ళ ఆశ. మైక్‌లో నంబరు పిలిచే పెద్ద మైదానాల జోలికి పోకూడదని ఒట్టు. "ఒసే సుభా, పెద్దచోట మనం టోకెన్లం. చిన్నచోట చుట్టాలం. చుట్టాలకైతే రెండోసారి కూర వేస్తారే!" అనేది మెహర్. దారి వేయడం అయ్యాక ఆ మైదానాల వాళ్ళకు ఫోన్లు చేసి, వచ్చేస్తున్నాం అని చెప్పేవాళ్ళు. తీరా వానలు తగ్గాక పెళ్ళిళ్ళ జాకెట్లని ఈమె ఆగేది, బడులు తెరిచారని ఆమె ఆగేది. వచ్చే ఏడు వెళ్దాంలే అనుకునేవాళ్ళు. అలా అనుకుంటుండగానే ఒక ఏడు మెహరున్నీసాకు డెంగీ జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేరిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. నలభై ఏళ్ళు నిండకుండానే.

ఆ తర్వాత సుభాషిణి మైదానానికి వచ్చేది గానీ దూకేది కాదు. పారాచూట్ మడిచేది, విప్పేది, మళ్ళీ మడిచేది. ఒకరోజు మాస్టారి ముందు దేశపటం పరిచి కూర్చుంది.

"మాస్టారూ, ఇక్కడ నావల్ల కాదు. ఏ ఇసుక దిబ్బ చూసినా మెహరే కనిపిస్తోంది. వాళ్ళ అన్నయ్య వ్యాను నాకిచ్చాడు. మేం అనుకున్న ఊళ్ళన్నీ ఇదుగో, ఇలా ఉన్నాయి. ఏ ఊరు ముందు? ఎక్కడికి వెళ్తే నాకు కాస్త ఊపిరాడుతుంది?"

మాస్టారు పటం వైపు చూడలేదు. "వ్యానులో డీజిల్ పోయించు" అని లేచారు.

మొదట పల్నాడులో ఒక మైదానానికి వెళ్ళారు. రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు పైన ఎగిరే కొంగలు తుమ్మి తుమ్మి దారి తప్పుతున్నాయంటే మీరు నవ్వుతారు, నవ్వండి. సుభాషిణికి మాత్రం నవ్వు రాలేదు. కాపలా ముసలాయన నులకమంచం మీంచి లేచి వచ్చాడు.

"ఇమానమా? రెక్కలు ఊడదీసుకుని లారీ ఎక్కి ఎటో ఎల్లిపోయింది తల్లీ. మా అయ్య అమ్మేశాడు." ఆమె చేతిలోని పారాచూట్ సంచిని చూసి ఆగాడు. "సముద్రం కాడి నుంచి ఇద్దరాడోళ్ళు ఏటా ఫోను చేసేవోళ్ళు, వత్తన్నాం వత్తన్నాం అని. వాళ్ళొచ్చి దూకాక అమ్ముదాంలే అని మా అయ్య ఒక ఏడాది ఆగాడు కూడాను. మీరేనా?"

"వాళ్ళలో ఒకదాన్ని" అంది సుభాషిణి. ముసలాయన రెండో మనిషి కోసం వ్యాను లోపలికి తొంగిచూశాడు. మాస్టారిని చూసి, వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

అక్కడి నుంచి అనంతపురం దాటి, పెనుకొండ కొండల దగ్గర దారి ఎత్తెక్కడం మొదలయ్యాక, మాస్టారి చూపు ఆమె మణికట్టు మీద పడింది. దూకేవాళ్ళందరూ అక్కడ ఒక గడియారం కట్టుకుంటారు. అది వేళ చెప్పదు, ఎత్తు చెబుతుంది. ఎక్కడ దిగాలో ఆ నేల మీద నిలబడి, పక్కనున్న మర తిప్పి, ముల్లును సున్నాకు తేవాలి. అప్పుడే పైనుంచి పడుతున్నప్పుడు నేల ఎంత దూరంలో ఉందో అది నిజం చెబుతుంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ ఒక పద్ధతి ఉండేది. ఈమె ముల్లు ఆమె తిప్పేది, ఆమె ముల్లు ఈమె తిప్పేది. చివరిసారి కలిసి దూకిన రోజున సముద్రపు ఒడ్డున మెహర్ బొటనవేలు తిప్పిన మరను సుభాషిణి అప్పటిదాకా ముట్టుకోలేదు. వ్యాను కొండల్లోకి ఎక్కుతుంటే ముల్లూ ఎక్కుతోంది.

"ఎంత చూపిస్తోంది?" అన్నారు మాస్టారు.

"రెండువేల అడుగులు."

"మనం గాల్లో ఉన్నామా?"

"లేదు మాస్టారూ. నేల మీదే."

ఆయన కిటికీలోంచి బయటికి చూడసాగారు. సుభాషిణి స్టీరింగు గట్టిగా పట్టుకుంది. ఆ రెండువేలూ మనసులో తీసేసుకుంటే సరిపోతుందని ఆమె తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. కానీ గాలి చెవుల్లో హోరెత్తుతూ, చేతిలో పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేకుండా పడుతున్నప్పుడు లెక్క గుర్తుంటుందో ఉండదో ఆమెకు తెలీదు. ముల్లును నమ్ముకుంటే, ఇక పిడి లాగు అని అది చెప్పేసరికి నేల మొహం మీదికి వచ్చేసి ఉంటుంది. అది ఆమెకు తెలుసు. తెలిసి కూడా మర జోలికి పోలేదు. గుర్తుండకపోతే ఏమవుతుందన్న ఆలోచన వచ్చినప్పుడు భయం వేయలేదు. భయం వేయకపోవడం చూసి కూడా ఆమెకు ఏమీ అనిపించలేదు.

హిందూపురం దాటాక మల్బరీ తోటల నడుమ ఎర్రమట్టి రన్‌వే. అదీ వాళ్ళ పటంలో ఉన్నదే. ఆ మైదానం ఆలుమగలిద్దరిది. భర్త విమానం నడిపేవాడు, భార్య దూకేది. వ్యాను ఆగిందో లేదో ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"రాక్కా, రా! సముద్రం కాడి నుంచా? ఎండకు వాడిపోయినారే! సంగటి ఉడకతాంది, ఊరిబిండి పచ్చడి నూరినా. ఒక తూరి ఎగిరొచ్చి తిందాం. తాత కూడా దూకుతాడా? వద్దులే తాతా, నువ్వు పొయ్యి చూసుకో!"

గద్దలు దారిచ్చే మనిషిని పొయ్యి చూసుకోమన్నది ఆవిడ. మాస్టారు వెళ్ళి పొయ్యి ముందు కూర్చుని కట్టె ఎగదోశారు.

నలుగురు ఎక్కితేగానీ చమురు ఖర్చు గిట్టదని ఆ విమానం లేపరు. ఆవిడ కేకేస్తే, పట్టుపురుగులు పెంచుతూ తీరికున్నప్పుడు దూకే అన్నదమ్ములిద్దరు చేతిలోని మల్బరీ ఆకుల గంప దించి, చుట్టం కోసం వచ్చేశారు. సుభాషిణి వీపుకు పారాచూట్ తగిలించుకుంది. ఆవిడ పట్టీలన్నీ లాగి చూస్తూ, సంగటిలోకి నెయ్యి కావాలా మజ్జిగ కావాలా అని అడుగుతూ, ఆ మాటల్లోనే ఆమె మణికట్టు పట్టుకుని టక్కున మర తిప్పింది. ముల్లు సున్నాకు వచ్చి నిలబడింది. దారెంబడి వచ్చినవాళ్ళు కింది ఊరి లెక్కతో దూకి ప్రాణం మీదికి తెచ్చుకోకుండా, వచ్చినవాళ్ళ ముల్లు తామే తిప్పడం ఆ మైదానం మర్యాద. మంచినీళ్ళిచ్చినంత మామూలుగా చేస్తారు.

సుభాషిణి పెట్టిన కేకకు తోటల్లో పిట్టలన్నీ లేచిపోయాయి. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, నిజంగానే లేచిపోయాయి. ఆమె నేల మీద కూలబడి మణికట్టును గుండెలకు అదుముకుంది. "అది మెహర్ పెట్టింది" అని అదే మాట అంటూ పోయింది. మెహర్ ఎవరో, ఏమైందో మాస్టారు పొయ్యి దగ్గర నుంచే నాలుగు ముక్కల్లో చెప్పారు.

ఆవిడ మొహం పాలిపోయింది. "అయ్యో, నాకు తెలీలేదక్కా! ఎంత ఉండిందో చెప్పు, మళ్లా ఆడికే తిప్పుతా."

"తిప్పు" అంది సుభాషిణి. "తిప్పినా అది నువ్వు పెట్టిందే అవుతుంది."

పొయ్యి మీద సంగటి కుతకుతమంటోంది. కాసేపటికి అన్నదమ్ముల్లో చిన్నవాడు, పొద్దు వైపు చూస్తూ, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు. "అక్కా, తప్పుగా అనుకోవద్దు. పురుగులు ఆకు కోసం చూస్తాంటాయి. నువ్వు రాకుంటే విమానం లేవదు. ఎక్కుతావా, మేము పోదుమా?"

సుభాషిణి మాస్టారి వైపు చూసింది. ఆయన కట్టె ఎగదోస్తున్నారు. ఈ మైదానం మర్యాద దూకేవాళ్ళ నోట విని ఆయనకు ముందే తెలుసునని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి మీద పుట్టిన కోపమే ఆమెను లేపి నిలబెట్టింది, నడిపించి విమానం ఎక్కించింది.

ఆ దూకడం గురించి ఎంత గొప్పగానైనా చెప్పగలను. మేఘాలు చీలిపోయాయనీ, సూర్యుడు కాసేపు ఆగి చూశాడనీ చెప్పగలను. అవేమీ జరగలేదు. తలుపులేని గుమ్మంలోంచి ఆమె దూకింది. అలవాటు చొప్పున కుడిచెయ్యి పక్కకు చాచింది. ఆ చేతికి గాలి తప్ప ఏమీ తగల్లేదు. మనసులో ఏ లెక్కా లేదు. తీసివేత అవసరం లేకుండా ముల్లు నిజం చెబుతుంటే, చెప్పిన చోట పిడి లాగింది. పారాచూట్ విచ్చుకుంది. ఎర్రమట్టి మీద మోకాళ్ళ మీద దిగింది. ఆవిడా అన్నదమ్ములూ అంతకుముందే దిగి ఉన్నారు. కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చి, ఆమె మొహం చూసి దూరంగా ఆగిపోయారు.

మాస్టారు నడిచి వచ్చి, గాలికి కొట్టుకుంటున్న పారాచూట్ గుడ్డను పోగు చేయడం మొదలుపెట్టారు.

"ఏమీ తగ్గలేదు మాస్టారూ" అంది సుభాషిణి. "పైనా మెహర్ లేదు. కిందా లేదు. ఇప్పుడు దాని చేతి గుర్తు కూడా లేదు. తెలిసే తీసుకొచ్చారు కదూ నన్ను?"

"తెలిసే."

"పటంలో మిగిలిన ఊళ్ళు? అక్కడా ఇంతేనా?"

మాస్టారు గుడ్డను చంకలో పెట్టుకుని, లేవడానికి ఆమెకు చెయ్యి అందించారు.

"నాకు మనిషిని ప్రాణాలతో నేలకు దింపడమే వచ్చు తల్లీ" అన్నారు.

ఆమె ఆ చెయ్యి పట్టుకుందా లేదా అని అడుగుతారు. మాస్టారు అడిగినా చెప్పరు, సుభాషిణిని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంకా చెయ్యెత్తి ఉంచినవాళ్ళెవరైనా ఉంటే, హిందూపురం దాటి ఆ మల్బరీ తోటల్లోకి వెళ్ళి, ఆ మర తిప్పిన ఆవిడనే అడగండి. ఆ రోజు వండిన సంగటి ఎవరూ ముట్టలేదని చెబుతూ ఈనాటికీ కళ్ళు తుడుచుకుంటుంది. పేరు కురుబ నాగవేణమ్మ.