గానుగెద్దుకు నాలుగు రోజుల సెలవు

1958 మే 19, సోమవారం. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, పొద్దున ఏడింటికే పడమటి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మేడిచెర్లలో గానుగ నడిపే వీరాస్వామి ఆ ఎండలోనే ఇంటిల్లిపాదినీ అద్దెబండి ఎక్కించుకుని, తమ్ముడి పెళ్ళికని బయలుదేరాడు. పెళ్ళికి పోయి సుఖపడినవాణ్ణి ఎవరూ చూడలేదు గానీ, ఆ సంగతి ఇప్పుడెందుకు. పోతూ పోతూ గానుగెద్దు సింగన్నకు నాలుగు రోజులు సెలవిచ్చాడు. తొట్టినిండా నీళ్ళు పోశాడు, కుప్పగా గడ్డి వేశాడు, కళ్ళగంతలు విప్పి మేకుకు తగిలించాడు.

పదకొండేళ్ళలో సింగన్నకు అదే మొదటి సెలవు. దాంతో ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు నిలబడ్డాడు. కాసేపు నెమరు వేశాడు. ఆ తర్వాత తనకు తెలియకుండానే, ఆగిపోయిన గానుగ చుట్టూ కుడివైపుగా తిరగడం మొదలుపెట్టాడు.

గానుగ పాక గుమ్మం లోపల బోర్లించిన గంప ఒకటుంది. దాని కింద చుక్కమ్మ అనే కోడి, తొమ్మిది పిల్లలు. గంప మీద ఒక రాయి. కానీ వాళ్ళకు అసలు కాపలా రాయి కాదు; రోజూ పని అయ్యాక గుమ్మానికి అడ్డంగా పడుకునే సింగన్న.

"అన్నయ్యా, కాస్త పడుకోవయ్యా. నిన్ను చూస్తుంటే పిల్లలకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది చుక్కమ్మ.

"పడుకుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటోందమ్మా" అన్నాడు సింగన్న, తిరుగుతూనే.

ఈ మాట గోడ వెనకాల ఉన్న జంబయ్య చెవిన పడింది. జంబయ్య నక్క. అడవి అంచున ఒక మోడు మీద కూర్చుని అందరికీ సలహాలు చెబుతాడని పేరు. ఒకప్పుడు కుందేళ్ళకు ధైర్యం గురించి చెప్పాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కుందేళ్ళు లేవు.

లోపలికి వచ్చి, సింగన్న మొహం చూసి జాలిగా తల ఊపాడు. ఇంట్లో ఉండి సెలవు గడిపేవాడికి సెలవు ఒంటపట్టదన్నాడు. పని చేసే చోటు కనబడుతుంటే కాళ్ళు ఊరుకోవన్నాడు. అందులో అబద్ధం లేదు. జంబయ్య ఎప్పుడూ సగం నిజమే చెప్పేవాడు, అదీ అతని గొప్పతనం. ఏటి అవతల మామిడితోపుందనీ, అక్కడ చల్లని నీడ, గడ్డి, నీళ్ళు, ఒక్క పురుగైనా పలకరించని ప్రశాంతత ఉన్నాయనీ వర్ణించాడు.

"దారి తెలీదే" అన్నాడు సింగన్న.

"దారి చూడకూడదు మామా. చూశావా, దిగులు పట్టుకుంటుంది. గంతలు కట్టుకుని నేరుగా నడువు. కాళ్ళ కింద నేల చల్లబడి, గడ్డి వాసన వచ్చిందంటే తోపు చేరినట్టే. అక్కడే పడుకో. ఒక్కటి గుర్తుంచుకో, పడుకున్నాక ఎవరు లెమ్మన్నా లేవకు. తండ్రి పిలిచినా సరే."

వెళ్ళొద్దని చుక్కమ్మ గంపలోంచి మొత్తుకుంది. పిల్లలున్న తల్లికి ఎవరు విశ్రాంతి తీసుకున్నా గిట్టదని జంబయ్య సింగన్న చెవిలో ఊదాడు. మేకు మీది గంతలు నోటితో అందుకున్నాడు. సింగన్న అలవాటుగా తల వంచాడు.

బయటికి అడుగుపెట్టగానే సింగన్నకు ప్రాణం లేచొచ్చింది. తాను బాణంలా సూటిగా పోతున్నానే అనుకున్నాడు పాపం. పదకొండేళ్ళు కుడివైపు తిరిగిన కాళ్ళవి. వాటికి సూటి అనేది ఒకటుందని ఎవరూ చెప్పలేదు. వీరాస్వామి పెంటదిబ్బ చుట్టి, పెసరచేను గట్టు చుట్టి, పాక వెనకగా వచ్చి, వెళ్ళిన గుమ్మం దగ్గరికే చేరాయి.

ఈలోగా లోపల జంబయ్య చెమటోడుస్తున్నాడు. గుమ్మానికి వీపు పెట్టి, ముందు కాళ్ళతో గంప మీది రాయిని తోస్తున్నాడు. రాయి దొర్లిపడింది. గంప అంచు బెత్తెడు లేచింది. చుక్కమ్మ రెక్కలు విప్పి పిల్లల ముందు నిలబడింది.

సరిగ్గా అప్పుడు సింగన్న కాళ్ళకు చల్లటి నేల తగిలింది. గడ్డి వాసన వచ్చింది. ఆహా, తోపు అనుకుని గుమ్మానికి అడ్డంగా, జంబయ్య తోక మీద దబ్బున కూలబడ్డాడు.

ఆ బరువుకు తోకతో పాటు వెనక్కి ఈడ్చుకుపోయిన జంబయ్య ముందుకు గుంజుకున్నాడు. మూతికీ గంపకూ మధ్య జానెడు దూరం. గంప అంచు మళ్ళీ నేలకు ఆనింది.

"మామా, కాస్త లే" అన్నాడు, గొంతులో తేనె పోసుకుని.

"ఎవరో గానీ క్షమించు బాబూ" అన్నాడు సింగన్న గంతల్లోంచే. "లేవొద్దని మా జంబయ్య గట్టిగా చెప్పాడు."

"నేనే జంబయ్యని."

సింగన్న ఆలోచించాడు. "జంబయ్యవైతే లెమ్మనవు" అని, నిద్రపోయాడు.

చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని, పెద్దాయన విశ్రాంతి తీసుకుంటున్నాడు, గోల చెయ్యకండర్రా అని నెమ్మదిగా చెప్పింది.

సాయంత్రానికి జంబయ్య తోకలో ముప్పాతిక భాగం ఎద్దు కింద వదిలేసి, నొప్పికి గంప సంగతే మరిచి, గోడ కన్నంలోంచి దూరి ఊరు దాటిపోయాడు. మళ్ళీ కనబడలేదు. తోక లేని సలహాదారుణ్ణి ఎవరు నమ్ముతారు?

అతని ఆస్తి ఇలా పంపకమైంది. తోక వీరాస్వామికి, గానుగ రోలు దులపడానికి ఇప్పటికీ అదే వాడతారు. బొరియ ముళ్ళపందికి. మోడు కాకికి, అది మర్నాడే సలహాలు మొదలుపెట్టింది. పడుకోవడంలో తప్పు లేదన్న ఎరుక సింగన్నకు. ఆ నెలాఖరున జంబయ్య మేనల్లుడు నక్క ఒకడు వాటా అడుగుతూ వచ్చాడు. ఇవ్వడానికేమీ మిగల్లేదు. చుక్కమ్మ మాత్రం గంపలోంచే ఒక్క మాట ఇవ్వబోయింది: "నీ సెలవు ఎలా గడపాలో చెప్పడానికి పొద్దున్నే వచ్చినవాడికి ఆ రోజు ఏదో పనుందని తెలుసుకో నాయనా."

అదీ వాడు పుచ్చుకోలేదు.