చింతాలు కట్టిన గుడ్డ

ఏరు మన ఊరికి ఇంకా నాలుగు బారలు అవతలగా పారే రోజులవి. తాతలు కూడా పుట్టలేదు, తాతల తాతలు ఉండేవారు. ఏటి వంపులో పాతరేవు అని ఒక చోటు ఉండేది. పడవ ఆగిపోయాక అటు ఎవరూ వెళ్ళలేదు. తుంగ ఏపుగా పెరిగిపోయింది. నీటికాకులు తప్ప అలికిడి లేదు.

అటు వెళ్ళేది ఒక్క చింతాలే. తుంగ కోసి చాపలల్లుకు బతికే ముసలిది. వెనకా ముందూ ఎవరూ లేరు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కొడవలి, వెదురుకర్ర పట్టుకుని పోయేది. పొద్దు వాలాక మోపుతో వచ్చేది.

ఆ ఏడు వరద తీశాక ఒక మేక పోయింది. తర్వాత ఒక గొర్రెపిల్ల పోయింది. మూడోది పారమ్మ ఎర్రదూడ.

"ఆ ముసలిదే అమ్మేస్తంది" అన్నారు ఒకరు. "అమ్మడం కాదు, బలిస్తంది" అన్నారు ఇంకొకరు. "దాని కోక సూడండి, రోజురోజుకీ పొట్టిదయిపోతంది. కొంగు సింపి దేనికి కడతందో!" అంది పారమ్మ.

చూసినవాళ్ళు లేరు. అన్నవాళ్ళే అందరూ.

చింతాలు చెప్పకపోలేదు. నూతి దగ్గర చెప్పింది. దంపుళ్ళ దగ్గర చెప్పింది. పారమ్మ గుమ్మంలో నిలబడి కూడా చెప్పింది.

"పాతరేవు కేసి పసువుల్ని తోలకండమ్మా. నేల మంచిది కాదు."

ఆమె అటు తిరగ్గానే పారమ్మ మూతి తిప్పింది. "ఎందుకెల్లకూడదంట? ఎల్తే దాని గుట్టు బయటపడిపోద్దనా?"

చూసినవాళ్ళు లేరు. అన్నవాళ్ళే అందరూ.

ఊరిపెద్ద నారాయుడు అన్నాడు. "పారమ్మా, దూడ పోయింది నీది. రేపు మద్దేనం దాని ఎనకాలే ఎళ్ళు. నువ్వు ఔనంటే పొద్దుగూకేలోగా ముసల్దాన్ని ఊరు దాటించేస్తాం."

మర్నాడు పారమ్మ వెళ్ళింది. కాలి కడియాలు విప్పి కొంగున కట్టుకుంది, చప్పుడు కాకుండా. తుంగలోకి వెళ్ళిన చింతాలు మళ్ళీ కనబడలేదు. గాలి లేదు. పడవలు కట్టే రాట ఒకటి ఒరిగిపోయి ఉంది. ఇసక కొత్త చాప పరిచినట్టు నున్నగా ఉంది. ఇంత మంచి చోటు దాచుకుందా ఈ ముసల్ది అనుకుంది పారమ్మ.

అంతలో ఇసకలో ఒక పుల్ల కనబడింది. పుల్లకి గుడ్డ. చింతాలు కోక గుడ్డే.

"ఓలమ్మో, సేతబడి!" అని పీకేసింది. రెండడుగుల్లో ఇంకొకటి. అదీ పీకేసింది. మూడోదీ పీకి, మూడు గుడ్డలూ బొడ్లో దోపుకుంది. రుజువు దొరికిందని సంబరంగా ఇంకో అడుగు వేసింది.

నేల మీగడలా వణికింది. చీలమండ దిగింది. మోకాలు దిగింది. నడుం దిగింది.

తుంగ కదిలింది. చింతాలు వచ్చింది, చేతిలో కొడవలితో.

అయిపోయాను, నా దూడ దగ్గరికే నన్నూ పంపేస్తాది అనుకుంది పారమ్మ.

చింతాలు తలమీది మోపు దించి, కొడవలితో కట్టు తెంపింది. తుంగంతా ఇసక మీద పరిచింది.

"కాళ్ళు తన్నకే. తంతే మింగేస్తాది. మంచం మీద వాలినట్టు ఎనక్కి వాలు."

"నిన్ను నమ్మమంటావేటి?"

"నమ్మకపోతే మానీ. ముందు వాలు."

పారమ్మ వాలింది. చింతాలు చాపిన వెదురుకర్ర అందుకుంది. ఒక లాగు లాగింది ముసలిది. రెండు లాగులు లాగింది. మూడో లాగుకి పారమ్మ తుంగ మీద పడింది.

ఊపిరి తిరిగాక చింతాలు అంది. "నీ దూడ సెవులు సూసినాను. నానొచ్చేసరికి అందలేదు. వరదొచ్చినపుడల్లా ఊబి సోటు మారిపోద్ది. కర్రతో పొడిసి సూసి ఊబి అంచున గుడ్డ కడతాను."

"మరి సెప్పవేటి?"

"మూడుసార్లు సెప్పినాను గదే."

చింతాలు చెయ్యి చాపింది. పారమ్మ బొడ్లోంచి గుడ్డలు తీసి ఇచ్చింది. ముసలిది మళ్ళీ కట్టడానికి వెళ్ళింది.

పొద్దుగూకింది. రచ్చ దగ్గర ఊరంతా ఉంది. పారమ్మ నడుం దాకా బురదతో వచ్చి నిలబడింది.

"దొంగ దొరికిందా?" అన్నాడు నారాయుడు.

"దొరికింది. మన ఏరే దొంగ. ఆ ముసల్ది కాపలా." అందరి కేసీ చూసింది. "సూసినదాన్ని నానొక్కదాన్నే. మీరంతా అన్నవాళ్ళు. నిన్నటిదాకా నానూ అంతే."

ముసలిదాన్ని ఊరు దాటించే మాట అక్కడితో పోయింది.

ఆ తర్వాత చింతాలు మూడు వరదలు బతికింది. నాలుగో వరద తీసేసరికి ముసలిది లేదు. పారమ్మ ఆ వెదురుకర్ర తీసుకుని ఏటికి పోయింది. కట్టుకున్న కొత్త కోక కొంగు చర్రున చింపింది.

ఇప్పటికీ వరద తీశాక ఏటిలోకి పశువుని దింపేముందు, ఊళ్ళో పెద్ద ఆడమనిషి వెళ్ళి ఇసక పొడిచి చూస్తుంది. మసిగుడ్డ కట్టకూడదు. ఒంటిమీదున్న కోకే చింపాలి. ఆ గుడ్డ కనబడితే పిల్లలు సైతం "చింతాలు ఉంది, ఆగు" అంటారు.

మంచి చేసేవాళ్ళని అనుమానించే మనిషిని చూస్తే "పారమ్మ గుడ్డలు పీకినట్టు" అంటారు. ఆ మాట మొదట అన్నది ఊరు కాదు. పారమ్మే. చచ్చేదాకా మనవలకి చెప్పుకుని తనే నవ్వేదట.