అమ్మవారు ముందు ఏ వీధికి?

దీపం కాస్త తగ్గించవే. ఆ, చాలు. ఒరే, కాళ్ళు ముడుచుకో, చెల్లికి తగులుతున్నాయి.

అనగా అనగా, మీ తాతగారి తాతకి కూడా ఇంకా మీసాలు మొలవని రోజుల్లో, గవ్వలపాడని ఓ ఊరుండేది. ఆ ఊరికి రెండే వీధులు, పైవీధి, కిందవీధి. రెండూ కలిసేచోట పొలిమేరమ్మ గుడి. ఏటా జాతరకి అమ్మవారిని పల్లకీలో ఊరేగించేవాళ్ళు. పైవీధివాళ్ళు బూరెలు వండితే, కిందవీధివాళ్ళు పులిహోర కలిపేవాళ్ళు. వీళ్ళవి వాళ్ళు, వాళ్ళవి వీళ్ళు తినేవాళ్ళు.

ఓ ఏడాది పల్లకీ భుజానికెత్తాక ఎవడో అన్నాడట, అమ్మవారు ముందు మా వీధికే రావాలని. ఎందుకన్నాడో వాడికే తెలీదు. ఇంకేముంది! మాటకి మాట, మాట మీద చెయ్యి, చేతిలోకి కర్ర. అమ్మవారిని గుడిలో కూర్చోబెట్టి పైవీధి పెద్ద బుల్లియ్య తాళం వేశాడు. ఆయన్ని నమ్మలేక కిందవీధి పెద్ద పోలయ్య ఇంకో తాళం వేశాడు. ఇద్దరూ అమ్మవారి మర్యాద కాపాడామనే అనుకున్నారు. పాపం, ఆవిడకి దీపం పెట్టే దిక్కు మాత్రం లేదు.

ఊ అంటున్నారా, నిద్రపోయారా?

రాజుగారికి తెలిసి ఓ పెద్దమనిషిని పంపించారు. ఆయన పైవీధిలో భోంచేసి, న్యాయం మీదేనన్నాడు. కిందవీధిలో భోంచేసి, న్యాయం మీదేనన్నాడు. ఆలోచించి చెబుతానని గుర్రమెక్కి పోయాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడేమో!

ఇక అసలు సంగతి. ఈ బుల్లియ్య కూతురు పేరిందేవిని, గొడవకి ముందే, ఆ పోలయ్య కొడుక్కిచ్చి పెళ్ళి చేశారు. పిల్లకి నెలలు నిండాయి. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళాలి కదా? పంపితే మనం తగ్గినట్టేనన్నాడు మావగారు. తీసుకురావడానికి వెళితే మనం తగ్గినట్టేనన్నాడు తండ్రి. మొగుడు మంచివాడే గానీ, తండ్రి ముందు నోరు పెగలదు.

నొప్పులొచ్చినప్పుడు ఆ పిల్ల అమ్మా అమ్మా అని అరిచిన అరుపు పైవీధి దాకా వినపడిందట. తల్లి గుమ్మం దాకా వచ్చింది. మొగుడి మొహం చూసి అక్కడే ఆగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంత ఖర్మ చూడండి! ఆడపిల్ల పుట్టింది, బంగారు బొమ్మ. అమ్మమ్మ మాత్రం చూడలేదు.

పురిటి స్నానం అయ్యాక పేరిందేవి ఏం చేసింది? పిల్లని గుడ్డలో చుట్టుకుని తిన్నగా పోయి గుడి మెట్టు మీద కూర్చుంది. మావగారు పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిసి తండ్రీ వచ్చాడు.

"బాలింతవి, ఈ ఎండలో ఏంటమ్మా? ఇంట్లోకి పద" అన్నాడు మావగారు.

"ఏ ఇంట్లోకి మావయ్యా? మీ ఇంటికొస్తే మా నాన్న తగ్గిపోతాడు. అక్కడికెళితే మీరు తగ్గిపోతారు. నాకూ నా కూతురికీ ఏ వీధీ లేదు. ఇక్కడే ఉంటాం, తలుపు తీయించండి."

ఇంతలో పసిది గుక్కపట్టి ఏడ్చింది. బుల్లియ్య గబుక్కున చేతులు చాపాడు. పోలయ్య చూస్తున్నాడని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతులు వెనక్కి పోవడం చూశాక పోలయ్య మనసు ఆగలేదు.

"ఎత్తుకోండి బావగారూ" అన్నాడు. "మీ మనవరాలే కదా."

బుల్లియ్య పిల్లని గుండెకి హత్తుకుని, అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడట. ఆ రోజే తాళాలు తీశారు. తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. తల్లి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి కూతుర్ని పట్టుకుంది.

అయిపోయిందనుకున్నారా? మనుషులర్రా, అంత తొందరగా మారతారా! జాతర వచ్చింది, పల్లకీ సిద్ధమైంది, మళ్ళీ ఎవడో గొంతు సవరించుకున్నాడు. వాడు నోరు తెరవకముందే పేరిందేవి అంది, ఈ ఏడు అమ్మవారు ఎక్కడికీ రాదు, మనమే ఆవిడ దగ్గరికి వెళదామని. అందరూ సరేనన్నారు. తీరా చూస్తే, గుడికి ముందు ఏ వీధివాళ్ళు రావాలి? ఆ చివర బూరెల గంపలతో వాళ్ళు, ఈ చివర పులిహోర గిన్నెలతో వీళ్ళు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు.

బూరెల వాసనకి ఓ బుడతడు ఆగలేక పరుగు తీశాడు. వాడి వెనక తల్లి, తల్లి వెనక తండ్రి, తండ్రి వెనక తాత, తాత వెనక తాత కర్ర పట్టుకుని నాయనమ్మ! అటు నుంచి వాళ్ళు, ఇటు నుంచి వీళ్ళు, గుడి ముందు అంతా కలగాపులగం. ఎవరు ముందొచ్చారని అడగడానికి ఎవరి నోరూ ఖాళీగా లేదు. అమ్మవారి మొహం నవ్వుతున్నట్టే ఉందన్నారు. ఆవిడ మొహం ఎప్పుడూ అలాగే ఉంటుందేమోనని నా అనుమానం.

నిజంగా ఎవరు ముందొచ్చారంటావా? ఏమోనే, నాకేం తెలుసు! రేపు మిమ్మల్ని ఎవరైనా ముందెవరని అడిగితే, ఆకలేసినవాళ్ళు ముందని చెప్పండి.

కథ దాని ఊరు అది చేరింది. మీరిక దుప్పట్లోకి చేరండి.