తడికకు కోసిన కంత

మంగళవారం సాయంత్రం ఐదయింది. మబ్బు లేదు, ఆకు కదలడం లేదు. ఉప్పుటేరు దాటి బైరాగి తాత పాకకు వచ్చిన నూకరత్నానికి కడుపు మాత్రం ఒకటే మంట.

తాత నలభై ఏళ్ళు వేటకెళ్ళినవాడు. కాళ్ళు సహకరించక ఒడ్డున కూర్చున్నాక, సముద్రాన్ని చదవడం నేర్పుతున్నాడు. ఆయనకు ఇద్దరే శిష్యురాళ్ళు. పెద్దది నూకరత్నం. చిన్నది లోవలక్ష్మి, ఏరవతల పుట్టి ఇవతలికి కోడలిగా వచ్చిన పిల్ల.

రోజూ సాయంత్రం తాత నీటిని చూసి, రేపు వేటకు వెళ్ళొచ్చో లేదో చెబుతాడు. ఇవతలివాళ్ళు వచ్చి వింటారు. అవతలివాళ్ళ కోసం నూకరత్నం ఒక వెబ్‌సైటు కట్టి, తాత మాట్లాడే వీడియోను అందులో పెట్టేది.

ఆమె నేర్చింది పాత పద్ధతి. ఆ వీడియో చూడాలంటే ఫోన్లో ముందు ప్లగిన్ అనేదొకటి ఎక్కించుకోవాలి, అదీ రెండు రోజులకోసారి కొత్తగా. లేకపోతే బూడిదరంగు పెట్టె తప్ప ఏమీ కనిపించదు. అది ఎక్కించడం ఏరవతల ఆమె ఒక్కతెకే వచ్చు. పొద్దు వాలితే చాలు, ఆమె అరుగు నిండా ఫోన్లు పట్టుకున్న ఆడవాళ్ళే. "రత్నమొదినా, నాది కాస్త చూడవా" అంటుంటే పొయ్యి మీద పులుసు మాడినా ఆమెకు పట్టేది కాదు.

పది రోజుల కిందట లోవలక్ష్మి ఆ వీడియోను అందరూ చూసే వీడియోల సైటులో పెట్టింది. అక్కడ ఇచ్చిన ఒక్క వరస కోడు తెచ్చి తమ పేజీలో అతికించింది. అంతే. ఏ ఫోన్లో వేలు పెట్టినా తాత మాట్లాడుతున్నాడు. నూకరత్నం అరుగు ఖాళీ అయింది.

"అది చేసిందేటి తాతా?" అంది నూకరత్నం, కూర్చోకుండానే. "వీడియో మన పేజీలో లేనే లేదు. ఎవరి సైటులోనో ఉంది. మనవైపు కంత పెట్టి చూపిస్తోంది, అంతే. దానికే ఊరంతా ఆహా ఓహో."

తాత పక్కనున్న చేపల కత్తి తీసి, తాటాకు తడికను జానెడు కోశాడు. పాకలోకి వెలుగొచ్చింది.

"ఏటి కనిపిస్తోంది?"

"సముద్రం."

"అది మన పాకలో ఉందా?"

నూకరత్నం చెంగు దులుపుకుంది. "నువ్వూ దాన్నే వెనకేసుకురా తాతా" అని బయటికి నడిచింది.

లోవలక్ష్మి ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. "పిన్నీ, వెళ్ళిపోతున్నావా? తాత ఇప్పుడే చెబుతాడు, వినవా?"

"నువ్వుండగా నేనెందుకే, పట్టపురాణివి."

వెబ్‌సైటు పాస్‌వర్డు ఇంకా ఆమె దగ్గరా ఉంది. లోవలక్ష్మి వీడియో పెట్టేసి ఇంట్లోకి వెళ్ళే వేళకు, ఏరవతల నూకరత్నం ఆ ఒక్క వరసను చెరిపేసి తన పాత పెట్టెను అక్కడ పెట్టింది. ఆ రోజు వీడియోలో తాత ఏం చెప్పాడో చూడనే లేదు. అరుగు ఊడ్చి, కూర్చుని ఎదురుచూసింది.

ఎవరూ రాలేదు. అవతలివాళ్ళు నెట్టు లేదనుకున్నారు.

కొడుకు ఎర్రయ్య ఒక్కడే అడిగాడు. "అమ్మా, తాత మాట రావట్లేదే."

"ఎక్కించుకోవలసింది ఎక్కించుకుంటే వస్తాది."

"సరేలే, మబ్బు లేదుగా" అన్నాడు వాడు. తెల్లారేసరికి పడవ మీదున్నాడు.

ఎనిమిదింటికి గాలి తిరిగి, అలలు ఎగసిపడ్డాయి.

నూకరత్నం కర్రల వంతెన మీద పరుగెత్తుకొచ్చింది. ఏరు సముద్రంలో కలిసేచోట తాత ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ఏ పడవైనా ఆ మొగలోంచే రావాలి. గాలి చెడిన రోజున ఆయన, నీటి మీదున్న ఒక్కో పడవకీ ఒక్కో ఆల్చిప్ప ముందు పెట్టుకుంటాడు. తిరిగొచ్చినదాని చిప్ప తీసి పక్కన పెడతాడు. ఆవేళ ఆయన ముందు పదకొండున్నాయి. అన్నీ ఏరవతలి పడవలే.

లోవలక్ష్మి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "పిన్నీ, తాత వద్దనే చెప్పాడు. నేను పెట్టాను కూడా. తెల్లారి చూస్తే బూడిద పెట్టె. ఎక్కడో నా చేతిలోనే తప్పు జరిగింది. మా నాన్న వేటకెళ్ళిపోయాడు పిన్నీ."

నూకరత్నం ఆమె పక్కన ఇసుకలో కూర్చుంది.

"నీ చేతిలో కాదు. నేను తీసేశాను."

లోవలక్ష్మి ఆమెను చూసింది. లేచి వెళ్ళి దూరంగా కూర్చుంది.

తాత ఇద్దరినీ చూడలేదు. పదకొండు చిప్పలూ దోసిట్లోకి ఎత్తి నూకరత్నం ఒళ్ళో పోశాడు.

"నాకు అంత దూరం చూపు ఆనడం లేదు. నువ్వు లెక్కపెట్టు."

ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వల పోగొట్టుకుని వచ్చింది. నాలుగోదాంట్లో ఎర్రయ్య ఉన్నాడు. వాడు నీళ్ళలోకి దూకి ఒడ్డుకొస్తే తల తడిమింది, భుజాలు తడిమింది. నాలుగో చిప్ప ఇసుకలో పెట్టి, మళ్ళీ కూర్చుంది.

"కొడుకొచ్చేశాడుగా. ఇంటికెళ్ళవా?" అన్నాడు తాత.

"ఇంకా ఏడున్నాయి తాతా."

మధ్యాహ్నానికి పది వచ్చాయి. ఒక చిప్ప ఆమె గుప్పిట్లో ఉండిపోయింది. నూకరత్నం లేచి లోవలక్ష్మి దగ్గరికెళ్ళి, పేజీ తెరిచి ఫోను ఇచ్చింది.

"ఆ వరస నువ్వే అతికించు. నా పెట్టె తీసేశాను."

లోవలక్ష్మి ఫోను అందుకుంది. ఆ వరస అతికించింది. వేలు తగలగానే నిన్నటి తాత మాట్లాడాడు. "అడుగు నీరు రంగు మారింది. రేపు ఎవరూ వెళ్ళొద్దు."

ఇద్దరూ తలెత్తలేదు.

మొగ దగ్గర అలల మీద ఏదో నల్లగా లేచి మునిగింది. మళ్ళీ లేచింది. ముందు నిలబడింది నూకరత్నమే.

"పడవ ముక్కు మీద మీ నాన్న. తెడ్డు దగ్గరొకడు. నీళ్ళు తోడుతూ ఇంకొకడు. ముగ్గురూ ఉన్నారే."

పడవ ఇసుక తగిలేదాకా చూసింది. అప్పుడు గుప్పిట విప్పి, చిప్పను తీసి మిగతావాటి పక్కన పెట్టింది.

"పదకొండు" అంది.