ముసలి సరంగు వేషం

తెనాలిలో ఏసుపాదం నాటకం చూసి జనం నవ్వారు. అది నవ్వించే నాటకం కాదు.

కృష్ణ మీద వంతెన కట్టాక, రేవులో ఆఖరిసారి పడవ నడిపే ముసలి సరంగు వేషం అతనిది. నిండా ముప్ఫై ఏళ్లు లేని మనిషి. నెల్లాళ్లు కష్టపడి నడుం వంచడం, చేతులు వణికించడం, మాటకో దగ్గు దగ్గడం సాధన చేశాడు. తెడ్డు అప్పగించి సరంగు గట్టెక్కే ఘట్టంలో ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే హాలంతా అందుకుంది.

పది రోజుల్లో పోటీలు. వేషం ఇంకెవరికైనా ఇద్దామా అని నాటక సమాజంలో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

మర్నాడు పొద్దున్నే అతను భద్రాచారి గారింటికి వెళ్లాడు. ఆయన యాభై ఏళ్లు నాటకాలాడిన మనిషి, ఏసుపాదానికి నటన నేర్పిన గురువు. వయసు డెబ్బయ్యెనిమిది.

"మాస్టారూ, నా ముసలితనంలో ఏం తక్కువైందో చెప్పండి."

"ఏదీ, చెయ్యి."

చేశాడు. వంగాడు, వణికాడు, దగ్గాడు. ఆయన చివరిదాకా చూసి, లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు.

"బయట పనుంది. వస్తావా?"

ఇద్దరూ బజారులో పడ్డారు. ఎండుమిరపకాయల కొట్టు ముందు ఆగి, ఏ రకం ఎంత ఘాటో తీరిగ్గా వాకబు చేశారాయన. ఏమీ కొనలేదు. ఇంకాస్త ముందుకెళ్లాక గోడ మీది సినిమా పోస్టరు దగ్గర ఆగి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివారు. ఏసుపాదానికి లోలోపల విసుగ్గా ఉంది. పోటీలు ముంచుకొస్తుంటే ఈయనకి మిరపకాయలేమిటి, పోస్టర్లేమిటి?

రోడ్డు దాటేచోట ఒక కాలేజీ అమ్మాయి చెయ్యి అందించింది.

"పట్టుకోండి తాతగారూ."

"భయపడకమ్మా, నేనున్నాగా," అంటూ ఆయనే ఆ అమ్మాయిని దాటించినట్టు దాటారు. ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

స్టేషన్ అవతలికి పోవాలన్నారు. పైవంతెన మెట్లు సగం ఎక్కాక మాస్టారు ఆగి, పట్టాలవైపు తిరిగారు.

"ఆ బండి ఎటు పోతోందిరా?"

ఏసుపాదం చూశాడు. పట్టాల మీద బండి లేదు. ఏ బండి అని అడగబోతూ పక్కకు తిరిగాడు. మాస్టారి చెయ్యి కమ్మీని బిగించి పట్టుకుని ఉంది. కణుపులు తెల్లబడ్డాయి. ఇస్త్రీ చొక్కా కింద డొక్కలు ఎగిసిపడుతున్నాయి. నడుం మాత్రం నిటారుగానే ఉంది. మొహం హాయిగా, వెళ్లే రైలును చూస్తున్నట్టే ఉంది.

మిరపకాయల కొట్టూ, పోస్టరూ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి.

"గుంటూరు బండి మాస్టారూ," అన్నాడు మెల్లగా. "అది కనుమరుగయ్యేదాకా చూసి వెళ్దాం."

"చూద్దాం," అన్నారాయన.

ఇద్దరూ ఖాళీ పట్టాలకేసి చూస్తూ నిలబడ్డారు.

పోటీల రోజు సరంగు దగ్గలేదు, వణకలేదు. తెడ్డు అప్పగించి నిటారుగా గట్టు మెట్లెక్కసాగాడు. రెండో మెట్టు మీద ఆగి, ఏటివైపు తిరిగి, "నీళ్లు ఇవాళ తేటగా ఉన్నాయి," అన్నాడు. అది నాటకంలో లేని మాట. కాసేపు అలాగే ఉండి, మిగతా మెట్లెక్కాడు.

ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ తన చేతికర్రను మెల్లగా కుర్చీ కిందకు జరుపుకుంది.

తెర పడ్డాక సమాజం పెద్ద పరుగున వచ్చి, ఇకమీదట ఏ ఊళ్లో ఆడినా సరంగు నువ్వేనని చెప్పి వెళ్లాడు. ఏసుపాదం మీసం ఊడదీసుకుంటుంటే భద్రాచారి గారు లోపలికొచ్చారు.

"అంతసేపు నిటారుగా నిలబడితే నడుం నొప్పి పుట్టలేదురా?"

"పుట్టింది మాస్టారూ."

"పుడుతుంది," అన్నారాయన. తలుపు దగ్గరగా వేసి, అబ్బా అంటూ శిష్యుడి పక్కన కుర్చీలో కూలబడ్డారు.