బొండయ్య మూసిన పాతర

వెదురుకోన అనే అడవిలో ఎటు చూసినా వెదురు పొదలే. ఆ పొదల కింద ఎలుకలు, కుందేళ్ళు, అడవికోళ్ళు, పందికొక్కులు కాపురం ఉండేవి. పక్కనే సన్నగా ఒక వాగు పారేది. ఏ పూట తిండి ఆ పూటకు దొరికేది కాబట్టి రేపటి గురించి ఎవరూ పెద్దగా బెంగపడేవారు కారు.

ఆ అడవిలో బొండయ్య అనే పందికొక్కు ఉండేవాడు. మట్టి తవ్వడంలో అతనికి సాటి లేరు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా అతనికే తెలుసు. తన ముగ్గురు పిల్లలకు గాదె, గరిసె, గుమ్మి అని ధాన్యం పోసుకునేవాటి పేర్లే పెట్టుకున్నాడంటే అతని ధ్యాసంతా ఎక్కడ ఉండేదో చూడండి. పిల్లల తల్లి పేరు పోలమ్మ.

బొండయ్య ఇంటి పక్కనే, రాతిబండ కింద, నూకమ్మ అనే చిట్టెలుక ఉండేది. పోయినేడు ఆమె మగడిని గద్ద ఎత్తుకుపోయింది. అప్పటినుంచి నలుగురు పిల్లల్ని ఒక్కతే సాకుతోంది. బొండయ్యను అన్నా అని పిలిచేది.

ఒక ఏడు మాఘమాసంలో అడవిలోని వెదురంతా ఒక్కసారిగా పూసింది. పూత గింజ కట్టింది. నెల తిరిగేసరికి వెదురు బియ్యం జలజలా రాలసాగింది. అందరూ పొట్టలు పగిలేలా తిన్నారు. తిని అక్కడే నిద్రపోయి, లేచి మళ్ళీ తిన్నారు.

డిప్పతాత ఒక్కడే దిగులుగా ఉన్నాడు. డిప్పతాత అంటే అడవిలోకెల్లా పెద్దవాడైన తాబేలు.

"వెదురు జన్మకొక్కసారే పూస్తుందర్రా. పూశాక చచ్చిపోతుంది," అన్నాడు డిప్పతాత. "నేను గుడ్డులోంచి వచ్చిన ఏడు ఇలాగే పూసింది. గింజ కోసం నాలుగు దిక్కుల నుంచీ ఎలుకల దండు వచ్చి అంతా ఊడ్చుకుపోయింది. మరుసటేడు ఈ కోనలో ఎలుక అన్నది మిగల్లేదు. తినడం ఆపి దాచుకోండి. వచ్చే ఏడు మృగశిర వానల దాకా సరిపోవాలి."

"తాతకు పళ్ళు లేవు. మనం నములుతుంటే ఓర్వలేకపోతున్నాడు," అంది ఒక కుందేలు. అందరూ నవ్వారు.

ఇద్దరు మాత్రం నవ్వలేదు. ఒకరు నూకమ్మ. రెండోవాడు, మీరు నమ్మినా నమ్మకపోయినా, బొండయ్యే. అతనికి గర్వం ఎక్కువే గానీ బుద్ధి తక్కువేమీ కాదు.

బొండయ్య ఆ రోజే తవ్వకం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో నేల కింద పెద్ద గొయ్యి తయారైంది. ధాన్యం దాచే అలాంటి గోతిని పాతర అంటారు. ఆ పాతరకు రెండు వాకిళ్ళు పెట్టాడు. ఇక పొద్దున్నే మంచులో తడిసిన గింజ, మధ్యాహ్నం ఎండిన గింజ, వాగు ఒడ్డున నానిన గింజ అన్నీ బుగ్గల్లో కుక్కుకుని తెచ్చి పోశాడు. పాతర నిండాక రెండు వాకిళ్ళకూ రాళ్ళు అడ్డం పెట్టి బంకమట్టితో మెత్తాడు. రెండో వాకిలి మీద గడ్డి కూడా నాటాడు. ఎంత బాగా మూశాడంటే, మర్నాడు పోలమ్మ అక్కడే నిలబడి "ఎక్కడండీ అది?" అని అడిగింది.

"నీకే కనబడలేదంటే దొంగకేం కనబడుతుంది?" అని బొండయ్య మీసాలు దువ్వుకున్నాడు.

నూకమ్మ పని ఇలా సాగలేదు. ఆమె తెచ్చిన ప్రతి గింజనూ బండ మీద రెండు పగళ్ళు ఎండబెట్టేది. తర్వాత ఒక గింజ కొరికి చూసేది. కటుక్కుమంటే లోపలికి తీసుకుపోయేది. మెత్తగా తగిలితే ఇంకో పూట ఎండబెట్టేది. మూడు చిన్న గుంటలు తవ్వి, అడుగున ఎండిన వేపాకు పరిచి, గింజలు పోసింది. ప్రతి గుంటకూ గాలి ఆడేలా రెండు కన్నాలు ఉంచింది.

అక్కడితో ఊరుకుందా అంటే లేదు. ప్రతి అమావాస్యనాడూ పొద్దెక్కగానే ఒక గుంట ఖాళీ చేసి, గింజలు మళ్ళీ ఎండలో పోసేది. పురుగు పట్టినవి ఏరేసేది. పాతవి పిల్లలకు పెట్టి, ఆ నెలలో కొత్తగా దొరికినవి వాటి చోట పోసేది. ఈ పనికి ఆమె ఇంట్లో తిరగేత అని పేరు.

"బయట కొత్తవి ఉంటే పాతవెందుకు పెడతావమ్మా?" అని పెద్దకూతురు చిట్టి సణిగేది.

"కొత్తది ఆగుతుంది తల్లీ, పాతది ఆగదు," అనేది నూకమ్మ.

ఇదంతా చూసి బొండయ్యకు నవ్వాగేది కాదు. "ఏమ్మా నూకమ్మా, గింజల్ని ఎండలో షికారు తిప్పుతున్నావా? నా పాతరలో నీ మూడు గుంటలూ ఓ మూలకు రావు. మూశాక దాని మొహం చూడనక్కర్లేదు."

"నీ పాతరకేం అన్నా, పెద్దది," అంది నూకమ్మ. "ఒక్కసారి తెరిచి చూసుకోరాదూ?"

"తెరిస్తే వాసన వస్తుంది. వాసన వస్తే దొంగలొస్తారు," అన్నాడు బొండయ్య.

డిప్పతాత చెప్పింది చెప్పినట్టే జరిగింది. వెదురు పసుపుబారి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, గాలికి టపటపా విరిగిపడింది. వేసవిలో ఒక్క గాలివాన మాత్రం వచ్చి నేల నానేలా కురిసింది. ఆ తర్వాత వానాకాలం వానలు ముఖం చాటేశాయి. ఎలుకల దండు వచ్చి రాలిన గింజలన్నీ ఊడ్చి వెళ్ళిపోయింది. ఎక్కువ తిని నిద్రపోయినవాళ్ళంతా ఆ దండు వెనకే తిండి వెతుక్కుంటూ వలస పోయారు. నవ్విన కుందేలు కూడా పోయింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

చలికాలం గడిచింది. బొండయ్య ఇంట్లో ఎండిన వేళ్ళు, రాలిన కాయలు తిని ఎలాగో నెట్టుకొచ్చారు. పోలమ్మ రెండుసార్లు అడిగింది. "ఒకసారి పాతర తెరుద్దామండీ. పిల్లలు నీరసపడుతున్నారు."

"ఇంకా కష్టం రాలేదు," అన్నాడు బొండయ్య రెండుసార్లూ.

చైత్రమాసంలో కష్టం వచ్చింది. మృగశిరకు ఇంకా రెండు నెలలుంది. పిల్లలు తిండి తిని మూడు రోజులైంది. గుమ్మి అందరికన్నా చిన్నది. ఆకలేస్తోందని అడగడం కూడా మానేసింది. అది చూసి బొండయ్యకు మొదటిసారి భయమేసింది.

"రండి, ఇవాళ మన పాతర తెరుద్దాం," అన్నాడు.

ముందు వాకిలి మీది బంకమట్టి తవ్వాడు. రాయి పక్కకు దొర్లించాడు. లోపలినుంచి వేడి ఆవిరి మొహానికి కొట్టింది. అతను తుమ్మి తల తిప్పుకునేలోగా గుమ్మి అతని కాళ్ళ సందునుంచి లోపలికి జారిపోయింది.

"గుమ్మీ, ఆగు," అంది పోలమ్మ.

లోపలినుంచి జవాబు రాలేదు. గింజ నమిలిన చప్పుడు కూడా రాలేదు. బొండయ్య తల లోపల పెట్టి పిలిచాడు. రెండు అడుగులు వేశాడో లేదో కళ్ళు తిరిగాయి. వెనక్కి పాకి వచ్చి ఒరిగిపోయాడు. మళ్ళీ లేచి దూరబోయాడు. మళ్ళీ పడ్డాడు.

గరిసె పరుగెత్తుకెళ్ళి నూకమ్మ ఇంటి ముందు రొప్పుతూ నిలబడింది. "అత్తా, చెల్లి పాతరలో పడిపోయింది. నాన్న వెళ్ళలేకపోతున్నాడు."

నూకమ్మ వచ్చింది. వాకిలి దగ్గర ఒక్కసారి వాసన చూసింది. "లోపల గాలి చెడింది. ఇప్పుడు దూరితే ఎవరైనా పడిపోతారు. రెండో వాకిలి ఎక్కడన్నా?"

"మూసేశాను."

"మూశావని నాకూ తెలుసు. ఎక్కడ?"

బొండయ్య అటు తిరిగాడు. ఇటు తిరిగాడు. తను నాటిన గడ్డి ఎప్పుడో ఎండిపోయింది. నేలంతా ఒకే రంగులో ఉంది. దొంగకు దొరకకూడదని మూసిన వాకిలి ఇప్పుడు యజమానికే దొరకలేదు. ఒకచోట తవ్వాడు, రాయి లేదు. ఇంకోచోట తవ్వాడు, అక్కడా లేదు.

నూకమ్మ తవ్వలేదు. నేల మీద అంగుళం అంగుళం చూసుకుంటూ నడిచింది. ఎండకు బీటలు వారిన మట్టిలో ఒకచోట ఆగిపోయింది. అక్కడ నాలుగు లేత మొలకలు ఉన్నాయి. కోనంతా మాడిపోయి ఉంటే, అవి మాత్రం పాలిపోయిన పచ్చరంగులో తల ఎత్తుతున్నాయి.

"ఇవి నీ గింజలేనన్నా. లోపల తడికి మొలకెత్తి, గాలి వెతుక్కుంటూ పైకి వచ్చాయి. ఇక్కడ తవ్వు."

బొండయ్య తవ్వాడు. జీవితంలో ఎప్పుడూ అంత తవ్వలేదు. గోళ్ళు విరిగాయి, ఆగలేదు. రాయి తగిలింది. రాయి కదిలింది. లోపలి చెడుగాలి బుస్సుమని బయటికొచ్చింది. అతను వెంటనే దూరబోతే నూకమ్మ అడ్డంగా నిలబడింది.

"గాలి ఆడనీ."

"నా బిడ్డ లోపలుందమ్మా."

"నువ్వూ లోపల పడితే దాన్ని ఎవరు తీస్తారు?"

నూకమ్మ ఒక ఎండుటాకు తెచ్చి వాకిట్లో నిలబెట్టింది. "ఇది కదిలితే అటునుంచి ఇటు గాలి ఆడుతున్నట్టు. అప్పుడు వెళ్ళు."

ఆకు కదల్లేదు. బొండయ్య దాన్నే చూస్తున్నాడు. పోలమ్మ గాదెను, గరిసెను దగ్గరకు లాక్కుంది. తను పట్టుపట్టింది తప్పేమో, ఈ ఆగడంలోనే బిడ్డ పోతుందేమో అని నూకమ్మకూ భయమే. అయినా పక్కకు తప్పుకోలేదు.

ఆకు కొస వణికింది. తర్వాత ఆకంతా పక్కకు వాలి పడింది.

బొండయ్య ఊపిరి బిగబట్టి దూరాడు. మెడ పట్టుకుని గుమ్మిని ఈడ్చుకొచ్చాడు. పోలమ్మ బిడ్డ మొహం నాకింది, పొట్ట రుద్దింది. ఎంతసేపటికో గుమ్మి ఒక దగ్గు దగ్గింది. ఆ దగ్గు విని బొండయ్య నేల మీద కూలబడి బావురుమన్నాడు.

గరిసె పరుగు చూసి బయల్దేరిన డిప్పతాత అప్పటికి వచ్చి చేరాడు. "పిల్లకు భూమ్మీద ఇంకా నూకలున్నాయి," అన్నాడు.

"ఉన్నాయి తాతా. తిండానికి మాత్రం గింజ లేదు," అంది పోలమ్మ పాతరలోకి చూస్తూ.

నిజంగానే లేదు. పై పొర మొలకెత్తి వాడిపోయింది. కింద అంతా నల్లగా ముద్ద కట్టి, ముట్టుకుంటే జారుతోంది. ఏడాది పాటు బొండయ్య గొప్పగా చెప్పుకున్నది ఆ ముద్ద గురించే.

బొండయ్య నూకమ్మ వాకిటికి వచ్చాడు. అతని తల ఆ వాకిట్లో పట్టదు. అందుకని బయటే తల వంచి నిలబడ్డాడు.

లోపల చిట్టి తల్లి తోక పట్టుకుంది. "అమ్మా, తలా మూడు గింజల చొప్పున తింటే మృగశిర దాకా మనకే సరిపోతాయి. నువ్వే లెక్క చెప్పావు."

"అవును," అంది నూకమ్మ. ఆ లెక్క ఆమె రోజూ వేసుకునేదే. ఇస్తే తన పిల్లలు చస్తారు. ఇవ్వకపోతే గుమ్మిని బయటికి తీయించి ఏం లాభం? చాలాసేపు ఆలోచించి బయటికొచ్చింది.

"అన్నా, ఉన్నమాట చెబుతున్నా. నా గింజలు రెండిళ్ళకు సరిపోవు. పది రోజులకు సరిపడా నీ ఇంటికి ఇస్తాను. వాగు గట్టు కింద లోతులో అడవిగడ్డలున్నాయి. నా గోళ్ళు అంత లోతు పోవు. నీవి పోతాయి. ఈ పది రోజుల గింజ తిని తవ్వు. దొరికిన గడ్డల్లో సగం నా పిల్లలవి."

"విరగని గోళ్ళు నాలుగే మిగిలాయమ్మా," అన్నాడు బొండయ్య.

"నాలుగు చాలు."

మర్నాటినుంచి బొండయ్య వాగు గట్టు తవ్వాడు. నేల రాయిలా ఉంది. మొదటి మూడు రోజులు ఏమీ దొరకలేదు. నాలుగోనాడు ఒక గడ్డ దొరికింది. దాన్ని అక్కడే కొరకబోయి ఆగి, నూకమ్మ వాకిటి ముందుకు తెచ్చి సగం చేశాడు. అలా రెండిళ్ళూ సగం కడుపుతో, ఒక్కోనాడు పావు కడుపుతో రోజులు గడిపాయి. బొండయ్య పొట్ట ఖాళీ సంచిలా వేలాడింది. మృగశిర నాటికి నూకమ్మ గుంటల్లో మిగిలినవి పదకొండు గింజలు.

ఆ రోజు మధ్యాహ్నం వాన పడింది. పదిమంది పెద్దా చిన్నా, వెంట డిప్పతాత, బండ మీద నిలబడి తడిశారు. నూకమ్మకు ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియలేదు.

మళ్ళీ గడ్డి విత్తులు రాలే కాలం వచ్చింది. వలస పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒక అమావాస్యనాడు బొండయ్య బండ మీద గింజలు పోసి తోకతో తిరగేస్తున్నాడు. పక్కన గుమ్మి ఒక్కో గింజ కొరికి కటుక్కుమంటుందా లేదా అని చూస్తోంది. ఆ దారిన పోతున్న అడవికోడి ఆగి నవ్వింది.

"ఏం బొండయ్యా, గింజల్ని ఎండలో షికారు తిప్పుతున్నావా?"

"అవునమ్మా," అన్నాడు బొండయ్య తల ఎత్తకుండా. "పోయినసారి వీటిని బయటికి తేలేదు. నా కూతుర్ని ఈడ్చుకుని తేవలసి వచ్చింది."

అడవికోడి నవ్వు ఆపేసి, దగ్గరికొచ్చి కూర్చుంది. "ఎలా తిరగేయాలో నాకూ చెప్పవా?" అని అడిగింది.

"నాకేం తెలుసు? మా నూకమ్మనడుగు," అన్నాడు బొండయ్య.

నీతి: కరువుకని దాచుకుంటే సగం పనే అయినట్టు. దాచినదాన్ని మధ్యమధ్య తెరిచి చూసుకుంటేనే అది ఆకలినాడు అక్కరకొస్తుంది.